నా ఫోన్‌కి నేనే యజమాని

ఏప్రిల్ 6, ఆదివారం

అయిపోయింది. టిఫిన్ కూడా తినకుండా మొదలుపెట్టి పదకొండుంపావుకి పూర్తిచేశాను. ఫోన్‌లో ఉన్న పాత ఆపరేటింగ్ సిస్టం మొత్తం తుడిచేసి కొత్తది ఎక్కించాను. ఇది ఏ పెద్ద కంపెనీవాళ్లదీ కాదు. ప్రపంచంలో అక్కడక్కడ కూర్చున్న మా బోటివాళ్లు కలిసి రాసుకున్నది. లోపల ఏముందో ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు. నేను ఎక్కడికి వెళ్తున్నానో, ఏం కొంటున్నానో, ఎవరికి ఫోన్ చేస్తున్నానో ఇక ఎవడికీ చెప్పదు. ఇవాల్టినుంచి నా ఫోన్‌కి నేనే యజమానిని.

ఈ సంగతి చెప్పుకోవడానికి ఇంట్లో మనిషి లేదు. దుర్గ ముక్తేశ్వరంలో పుట్టింటికి వెళ్లి వారమైంది. అందుకని డైరీ. కాగితం మీద ఎందుకంటే కొత్త సిస్టంలో తెలుగు కీబోర్డుకి ఒత్తులు సరిగా పడటం లేదు. ఇది తాత్కాలికం. డైరీ ఎరువుల కొట్టువాళ్లు ఇచ్చింది. ప్రతి పేజీ అడుగునా వరికి ఒక సలహా ఉంది.

దుర్గ అలిగి వెళ్లిందని ఎవరైనా అనుకోవచ్చు. అలగలేదు. వాళ్లమ్మగారు మెట్టు జారి చెయ్యి విరగ్గొట్టుకున్నారు, వంటసాయానికి వెళ్లింది. కాకపోతే గుమ్మం దాటేటప్పుడు ఒక్కమాట అంది. "మా నాన్నగారికి మీరు ఫోన్ చేసి తప్పైందని చెప్పేదాకా నేను రానండి."

తప్పు ఏమిటట? కొత్తపేటలో గృహప్రవేశానికి వెళ్లాం. భోజనాల బంతిలో నా పక్కన కూర్చున్న మావయ్యగారు, "ఫోన్‌లో కొత్త సిస్టం వేస్తున్నారంట కదండీ, అదేవిటో చెప్పండి" అన్నారు. "మీకు చెప్పినా అర్థం కాదులెండి" అన్నాను. నిజమే కదా. ఆయన అరవై తొమ్మిదేళ్ల కొబ్బరి రైతు. బంతిలో ఇరవైమంది నవ్వారు. వాళ్లు నవ్వితే నేనేం చెయ్యను? ఆయన విస్తరి ముందునుంచి లేచిపోయారు. మా వైపు అన్నం ముందునుంచి లేచిపోవడం చిన్న సంగతి కాదు, ఒప్పుకుంటాను. కానీ పెరుగు వచ్చేదాకా ఆగొచ్చు.

ఏప్రిల్ 7, సోమవారం

బ్యాంకు యాప్ తెరుచుకోలేదు. "మీ ఫోన్ సురక్షితం కాదు" అంది. ఈ ఊళ్లో అందరికంటే సురక్షితమైన ఫోన్ నాది. దాంతో వాదించి ప్రయోజనం లేదని ఎర్రవంతెన దాకా నడిచి ఏటీఎంలో డబ్బు తీసుకున్నాను. నడక ఆరోగ్యానికి మంచిది.

సాయంత్రం నంబర్లన్నీ కొత్త సిస్టంలోకి తెచ్చాను. మొత్తం ఆరువందల పన్నెండు. అంతా కలగాపులగం. మా ఇళ్లల్లో పెద్దవాళ్ల పేర్లు నోటితో పలకం, ఫోన్‌లోనూ ఎక్కించం. అందుకని నా ఫోన్‌లో ఎనిమిదిమంది మావయ్యగార్లు, పదకొండుమంది బావగార్లు, లెక్కలేనంతమంది అక్కయ్యలు. ఊరిపేరు తగిలిస్తే తప్ప ఎవరు ఎవరో తెలియదు. పైగా ఒకే మనిషికి రెండేసి మూడేసి నంబర్లు.

మామూలువాడైతే ఒక్కొక్కటీ చూసుకుంటూ వారం కూర్చుంటాడు. నేను నలభై లైన్ల ప్రోగ్రాం రాశాను. మొదటి రెండు మాటలూ ఒకటైతే ఒకే మనిషి. రెండు నంబర్లుంటే తర్వాత ఎక్కించినది ఉంచుతుంది. పాత నంబరు పనిచెయ్యకపోతేనే కదా మనిషి కొత్తది తీసుకునేది! నాలుగు సెకన్లలో ఆరువందల పన్నెండు కాస్తా నాలుగువందల ముప్ఫై అయ్యాయి. హైదరాబాదు కంపెనీవాళ్లు నన్ను అమలాపురంలో ఇంట్లోనే కూర్చోబెట్టి ఊరికే జీతమివ్వడం లేదు.

ఏప్రిల్ 8, మంగళవారం

అన్నయ్యగారి పుట్టినరోజు. పొద్దున్నే ఫోన్ చేసి, "నిండు నూరేళ్లూ చల్లగా ఉండండి అన్నయ్యగారూ, వదినగారికి నమస్కారాలు చెప్పండి" అన్నాను. "చాలా సంతోషమండి బాబూ. సిలిండరు పంపమంటారా?" అన్నారు.

గ్యాసు సీమోనుగారు. "అన్నయ్యగారు అమలాపురం గ్యాస్" అని ఎక్కించుకున్నాను ఒకప్పుడు. మా పెదనాన్న కొడుకు "అన్నయ్యగారు అమలాపురం." మొదటి రెండు మాటలూ ఒకటే. ఆ ఒక్కటీ చేత్తో సరిచేశాను. నాలుగువందల ముప్ఫైలో ఒక తప్పు. మనుషులు చేస్తే ఇంతకంటే ఎక్కువ తప్పులొస్తాయి.

సీమోనుగారు సిలిండరు పంపించారు. పుట్టినరోజు ఎవరిదో ఆయన అడగలేదు.

ఏప్రిల్ 9, బుధవారం

దుర్గ ఫోన్. ముందు వాళ్లమ్మగారి కట్టు గురించి, తర్వాత ఎండల గురించి, తర్వాత అసలు సంగతి.

"నాన్నగారికి చేసేరా?"

"ఫోన్ ఆయనకివ్వు, ఇప్పుడే మాట్లాడేస్తాను."

"అలా కుదరదండి. మీ అంతట మీరు ఆయన ఫోన్‌కి చెయ్యాలి. నేను మధ్యలో పట్టుకుని మాట్లాడిస్తే అది పంచాయితీ అవుతుంది."

సరే. నేనేమీ మొండివాణ్ని కాదు. మధ్యాహ్నం ఒంటిగంటకి నాకు భోజన విరామం. కంచం ముందు పెట్టుకుని, గొంతు సవరించుకుని, "మావయ్యగారు ముక్తేశ్వరం" నొక్కాను. ఒక్క రింగు. కట్ చేశారు.

పొరపాటున చెయ్యి తగిలిందేమోనని మళ్లీ చేశాను. ఒక్క రింగు. కట్. మూడోసారీ అంతే.

అదీ సంగతి. నేను తగ్గితే ఆయన ఎక్కుతున్నారు. ఇంత పంతం పనికిరాదు ఆ వయసులో. బెండకాయ వేపుడు మాడింది. దానికి ఆయనే కారణం.

ఏప్రిల్ 10, గురువారం

ఒంటిగంట. రెండుసార్లు చేశాను. రెండుసార్లూ కట్.

ఏప్రిల్ 11, శుక్రవారం

ఒంటిగంట. కట్. కట్.

ఏప్రిల్ 13, ఆదివారం

దుర్గతో తగువు. రాసిపెడుతున్నాను, రేపెప్పుడైనా సాక్ష్యానికి పనికొస్తుంది.

"ఇంకా ఫోన్ చెయ్యలేదంట?"

"రోజూ చేస్తున్నాను. కట్ చేస్తున్నారు."

"అబద్ధాలు చెప్పకండి. ఇందాకే అడిగేను నాన్నగార్ని. 'నా ఫోన్‌కి రాలేదమ్మా' అన్నారు. మా నాన్నగారు అబద్ధమాడరు."

"అయితే నేనాడతానా?"

దానికి ఆవిడ జవాబు చెప్పలేదు. ఎంతసేపు చెప్పలేదంటే, నాకు పెళ్లయిన దగ్గర్నుంచీ ఆడినవన్నీ గుర్తొచ్చాయి. చివరికి నా కాల్ లాగు ఫొటో తీసి పంపాను. వరసగా మావయ్యగారు ముక్తేశ్వరం, మావయ్యగారు ముక్తేశ్వరం, మావయ్యగారు ముక్తేశ్వరం. తేదీ, టైము అన్నీ ఉన్నాయి. ఆవిడ చూసి ఒక్కటే మాటంది. "కంప్యూటర్లో మీరేదైనా చెయ్యగలరు కదండీ."

పదకొండేళ్లుగా నా తెలివితేటల్ని మెచ్చుకోమంటే మెచ్చుకోలేదు. ఇప్పుడు మెచ్చుకుంది.

ఏప్రిల్ 15, మంగళవారం

ఈసారి దుర్గే చేసింది. గొంతు చిన్నది చేసి మాట్లాడింది.

"ఏవండీ, తోటలో మోటారు దానంతటదే తిరుగుతోందండి."

"తిరగడమేమిటి?"

"ఎవరూ వెయ్యకుండానే. మిట్టమధ్యాహ్నం తిరుగుతోంది, ఆగిపోతోంది. మొదటిరోజైతే ఎవరూ చూసుకోలేదు, ఆగకుండా తిరిగి నీళ్లన్నీ పక్కతోట కుమారస్వామిగారు కొబ్బరిపీచు ఆరబెట్టుకున్నచోటికి పోయేయి. ఆయన ఒకటే కేకలు. అమ్మ భయపడి స్టార్టరు పెట్టెకి నిమ్మకాయలు, మిరపకాయలు కట్టించింది."

నేను నవ్వాను. రెండేళ్ల కిందట ఆ స్టార్టరు బిగించింది నేనే. లోపల సిమ్ కార్డు ఉంటుంది. మావయ్యగారి నంబరుగానీ నా నంబరుగానీ దానికి రింగిస్తే మోటారు ఆన్ అవుతుంది, మళ్లీ రింగిస్తే ఆగిపోతుంది. దయ్యాలకి అందులో చోటు లేదని చెప్పాను.

"మావయ్యగారేమంటున్నారు?"

"ఏమీ అనరు. భోజనం మానేసి ఆ ఎండలో గొడుగేసుకుని మోటారు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారు. పట్టుకుందామని కాబోలు."

పెద్దాయనకి వడదెబ్బ తగులుతుందేమోనని నాకు నిజంగానే దిగులేసింది. నా ఫోన్ కట్ చేసే ఓపిక మాత్రం ఆ ఎండలో కూడా ఉంది. ఇవాళా రెండుసార్లు కట్.

ఏప్రిల్ 17, గురువారం

మిరపకాయలు కట్టాక కూడా తిరిగిందట. దుర్గ అడిగింది, "ఆదివారం మీరొకసారి వచ్చి చూడకూడదా?" అని. మావయ్యగారు వద్దన్నారట. "ఆయన్నెందుకమ్మా ఇబ్బంది పెట్టడం, తిరిగితే తిరగనీ" అన్నారట. పంతం కాకపోతే ఏమిటి?

వెళ్తాను. క్షమాపణ చెప్పే అల్లుడిగా కాదు, మోటారు బాగుచెయ్యడానికి వచ్చిన నిపుణుడిగా వెళ్తాను. పని పూర్తిచేసి, చేతులు కడుక్కుని, దుర్గని బండెక్కించుకుని వస్తాను. ఈ సమస్యకి ఇంతకంటే చక్కటి పరిష్కారం లేదు.

ఏప్రిల్ 19, శనివారం

ఒంటిగంట. కట్. కట్. ఇదే ఆఖరు, ఇక చెయ్యను.

ఏప్రిల్ 20, ఆదివారం

ముక్తేశ్వరం వెళ్లి వచ్చాను. ఒక్కణ్నే వచ్చాను.

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఈ డైరీ ఎవరూ చూడరు.

ల్యాప్‌టాప్, కేబులు, స్క్రూడ్రైవర్లు అన్నీ సర్దుకుని పదింటికల్లా చేరాను. మావయ్యగారు వసారాలో ఉన్నారు. నన్ను చూసి లేచి నిలబడి, దుర్గ వైపు తిరిగి, "అల్లుడుగారు మజ్జిగ తాగుతారేమో అడగమ్మా" అన్నారు. నేను దుర్గ వైపు తిరిగి, "తాగుతానని చెప్పు" అన్నాను. వెంకటరమణమ్మగారు, అంటే మా అత్తగారు, కట్టున్న చెయ్యి మెళ్లో వేసుకుని మా ముగ్గుర్నీ చూస్తూ నిలబడ్డారు.

తోటలోకి వెళ్లి, నిమ్మకాయలు తప్పించి, పెట్టె తెరిచి, ల్యాప్‌టాప్‌కి కలిపాను. తనకి ఏ నంబరు నుంచి ఎప్పుడు రింగు వచ్చిందో పెట్టె రాసిపెట్టుకుంటుంది. మావయ్యగారు నా వెనకాల గొడుగు పట్టుకుని నిలబడ్డారు. నీడ నామీద పడేట్టు పట్టుకున్నారు.

ఏప్రిల్ తొమ్మిది, ఒంటిగంట మూడు నిమిషాలు, ఒంటిగంట నాలుగు, ఒంటిగంట అయిదు. పది, ఒంటిగంట. పదకొండు, ఒంటిగంట. ఇలా నిన్నటిదాకా ఇరవై మూడు రింగులు. అన్నీ ఒకే నంబరు నుంచి. ఆ నంబరు ఎక్కడో చూసినట్టే అనిపించింది. నాదే.

"మావయ్యగారు ముక్తేశ్వరం." "మావయ్యగారు ముక్తేశ్వరం మోటారు." మొదటి రెండు మాటలూ ఒకటే. రెండోది తర్వాత ఎక్కించింది. పదకొండు రోజులుగా నేను కంచం ముందు పెట్టుకుని, గొంతు సవరించుకుని, క్షమాపణ చెబుదామని ఫోన్ చేసింది మోటారుకి. ఒక్క రింగు రాగానే కట్ చేస్తూ వచ్చింది ఆ పెట్టే.

ఒళ్లంతా చెమట పట్టింది. ఎండ కదా. ఆ క్షణంలో నిజం చెప్పేసి ఉంటే సరిపోయేది. చెప్పబోయాను కూడా. నోరు తెరిస్తే వేరే మాటలొచ్చాయి. "టవరు మార్పిడిలో సిగ్నలు వెనక్కి తన్నుతోందండీ. దానివల్ల పెట్టెకి లేని రింగు వచ్చినట్టు అనిపిస్తోంది" అన్నాను. అలాంటిదేమీ ఈ భూమ్మీద లేదు.

"ఆయ్" అన్నారు మావయ్యగారు.

"సెట్టింగు మార్చేశానండి."

"ఆయ్. అయితే ఇకమీదట ఒంటిగంటకి రాదంటారా?"

"రాదండీ."

"ఒక్కసారి కూడానా?"

"ఒక్కసారి కూడా రాదండీ."

ఆయన ముఖం కొంచెం వాడింది. పాపం, నేను చెప్పింది బోధపడినట్టు లేదు. మూడు వారాలు దాటాక ఆయన నాతో నేరుగా మాట్లాడిన మాటలు ఇవే. నేను ఆయనతో నేరుగా ఆడినవన్నీ అబద్ధాలే.

భోజనాల దగ్గర ఎదురుగా కూర్చుని, నా విస్తట్లో మామిడికాయ పప్పు రెండుసార్లు వేయించారు. నేను పెరుగు కలుపుకునేదాకా ఆయన లేవలేదు. వచ్చేటప్పుడు దుర్గ గేటుదాకా వచ్చి, "మోటారు సంగతి సరే, మీ సంగతి?" అంది. సంచిలో ముంజలు పెట్టింది. తను మాత్రం రాలేదు.

ఏప్రిల్ 21, సోమవారం

ప్రోగ్రాం తీసేశాను. పాత జాబితా ల్యాప్‌టాప్‌లో ఉంది కాబట్టి ఆరువందల పన్నెండూ మళ్లీ ఎక్కించి, ఒక్కొక్కటీ చూసుకుంటూ కూర్చున్నాను. మావయ్యగారి అసలు నంబరు చివర రెండు సున్నాలు. ఇన్నేళ్లలో ఎప్పుడూ చూడలేదు. పెళ్లయిన పదకొండేళ్లలో ఆయనకి నేనుగా ఫోన్ చేసింది నాలుగుసార్లు. అందులో రెండు దారి కనుక్కోవడానికి.

ఒంటిగంటకి చెయ్యలేదు. నిన్ననే కదా చూశాను.

ఏప్రిల్ 22, మంగళవారం

పనెక్కువ. చెయ్యలేదు.

అంత పనేమీ లేదు.

ఏప్రిల్ 23, బుధవారం

దుర్గ ఫోన్ చేసింది. "ఏవండీ, నాన్నగారు ఇంకా మోటారు దగ్గరే కూర్చుంటున్నారు."

"బాగైపోయిందిగా! తిరగడం లేదుగా?"

"లేదండి. నిన్నా తిరగలేదు, ఇవాళా తిరగలేదు. ఒంటిగంటకి వెళ్లి కూర్చున్నారు, రెండైనా రాలేదు. అన్నానికి పిలిస్తే 'ఇంకాసేపు చూద్దాంలేమ్మా' అంటున్నారు. ఆ మోటారు తిరగడం లేదని ఆయన బెంగపెట్టుకున్నట్టున్నారు. ఇదేం చోద్యమో నాకు తెలియడం లేదు."

నాకూ తెలియలేదు. పడుకున్నాను గానీ నిద్ర పట్టలేదు. ఆయనకి అర్థం కాదని ఇరవైమంది ముందు అన్నవాణ్ని. ఆయన ఆ ఎండలో ఎందుకు కూర్చుంటున్నారో నాకు అర్థం కావడం లేదు.

ఏప్రిల్ 24, గురువారం

పొద్దున్నే కాగితం మీద రాసుకున్నాను, ఏం చెప్పాలో. మూడు పేరాలు. మొదటి పేరాలో పరిస్థితుల ప్రభావం, రెండోదాంట్లో నా ఉద్దేశం అది కాదని, మూడోదాంట్లో క్షమాపణ లాంటిది.

ఒంటిగంటకి అసలు నంబరు నొక్కాను. ఒక రింగు. రెండో రింగు పూర్తికాకుండానే ఎత్తారు.

"చెప్పండి అల్లుడుగారూ."

కాగితం చేతిలోనే ఉంది. ఒక్క ముక్క కనిపించలేదు.

"మావయ్యగారూ, ఆవేళ గృహప్రవేశంలో నేనన్నది తప్పండి. అందరి ముందూ మిమ్మల్ని అంతమాట అన్నాను. నన్ను క్షమించండి."

అవతల కొబ్బరాకుల చప్పుడు వినిపించింది. తోటలోనే ఉన్నారు.

"అంతమాట ఎందుకండీ. నేనూ ఆకు ముందునుంచి లేవకూడదు. ఆ ఇంటివాళ్లు చాలా బాధపడ్డారంట."

ఆగితే మళ్లీ చెప్పలేనని మిగతాదీ చెప్పేశాను. "మోటారు కూడా నేనేనండి. మీకనుకుని దానికి ఫోన్ చేశానండి, ఇరవై మూడుసార్లు. టవరు అదీ అన్నది వట్టి అబద్ధమండి."

"ఆయ్. తెలుసండి."

"తెలుసా?"

"మోటారు తిరిగినప్పుడల్లా ఎవరి నంబరు నుంచి వేసేరో నా ఫోన్‌కి మెసేజి వస్తుంది కదండీ. బిగించినప్పుడు మీరే పెట్టేరు. మొదటిరోజే చూసేను, మీ నంబరని."

పెట్టానట. నాకు గుర్తే లేదు.

"మరి ఫోన్ రాలేదని దుర్గతో అన్నారు?"

"నా ఫోన్‌కి రాలేదన్నానండి. అది నిజవే కదండీ."

"నాతోనైనా ఒక్కమాట చెప్పొచ్చు కదండీ!"

"చెప్తే మానేస్తారు కదండీ."

ఆయన కాస్త దగ్గి, "రోజూ ఠంచనుగా చేసేవారు. సరే, ఈయన మనసులో ఏదో ఉందిలే అనుకున్నాను" అన్నారు.

"అయినా ఆ ఎండలో అక్కడ కూర్చోవడమెందుకండీ మావయ్యగారూ?"

"ఒంటిగంటకి మీరు ఫోన్ చేసేది అక్కడికే కదండీ."

తర్వాత ఏం మాట్లాడుకున్నామో రాయను. నేను ఏడ్చానని దుర్గకి ఆయన చెప్పకపోతే చాలు. కొత్త సిస్టం అంటే ఏమిటో అడిగారు, చెప్పాను. ముప్పావుగంట పట్టింది. మధ్యలో ఆయన అడిగిన ప్రశ్న ఒకదానికి నాకు జవాబు తెలియలేదు.

ఏప్రిల్ 25, శుక్రవారం

దుర్గ ఆదివారం వస్తానంది. బెండకాయలు నన్ను ముట్టుకోవద్దంది.

ఒంటిగంట. నేను చేసేలోపే ఆయన చేశారు.